వడ్లగింజంత తక్కువ

మా మనవరాలు శేరిగూడలో ఇంజనీరింగ్ కాలేజీకి పోతుంది. మొన్నొక రోజు సంచిలోంచి ఇనుప కొలత పరికరం ఒకటి తీసి, ఇంట్లో కంటికి కనబడ్డ ప్రతి వస్తువునూ దాని దవడల మధ్య పెట్టి చూసింది. అగ్గిపుల్ల, గుండుసూది, చపాతీ, ఆఖరికి నా చెవి కమ్మ కూడా. సెంటీమీటరుకు పది మిల్లీమీటర్లట, మిల్లీమీటరుకు వెయ్యి మైక్రాన్లట. వెంట్రుక లావు కూడా చెప్పొచ్చట. నాకు అక్షరాలే పెళ్లయి చాలా ఏళ్ళయ్యాక వచ్చాయి, ఈ మైక్రాన్లు ఎక్కడ వస్తాయి? అయినా నోరు ఊరుకోదు కదా, వడ్లగింజకు ఎన్ని మిల్లీమీటర్లని అడిగాను.

పిల్ల సరదా పడి వడ్ల బస్తాలోంచి నాలుగు గింజలు తెచ్చి కొలిచింది. గింజ గింజకూ కొంచెం తేడా ఉందనీ, అడ్డంగా పెడితే సుమారు రెండున్నర అనుకొమ్మనీ చెప్పింది. తర్వాత నా ఎడమ కాలి మెట్టె మీద దాని కన్ను పడింది. కుడికాలిది గుండ్రంగా ఉంది, ఇది ఎందుకు ఇట్లా విప్పుకొని ఉందని అడిగింది. చెప్పాను. చెప్పింది చాలదట, రాయాలట. రాస్తున్నాను. తప్పులుంటే అదే దిద్దుకుంటుంది, అంత చదువు ఎందుకు చదువుతున్నట్టు మరి?

మాకు కొలతలన్నీ ఒంటి మీదే ఉండేవి. నాలుగు వేళ్ళు కలిపితే బెత్త, మూడు బెత్తలు జాన, రెండు జానలు మూర. వేలికంటే చిన్నది కావాలంటే వడ్లగింజ. గింజల్ని పొడుగ్గా కాకుండా అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటి పేర్చాలి. ఎనిమిది పేరిస్తే ఒక వేలు. వడ్రంగులు మాత్రం అంగుళానికి ఎనిమిది సూతులని వేరే లెక్క చెప్పేవాళ్ళు. వాళ్ళ సూతు మా గింజ కంటే కాస్త లావు, వాళ్ళ అంగుళం మా వేలి కంటే ఇంకాస్త లావు. వాళ్ళ లెక్కతో మాకు పని పడలేదు, మా లెక్కతో వాళ్ళకూ పడలేదు.

ఇబ్రహీంపట్నం పెద్దచెరువును నమ్ముకొని బతికిన ఇళ్ళు మావి. రోజువారీ చేపకు ఎవరి చిన్న వల వాళ్ళది. ఎండాకాలం నీళ్ళు తగ్గాక మాత్రం అందరూ కలిసి పెద్ద వల వేసేవాళ్ళు. పెద్ద వల ఎవరి సొత్తూ కాదు. ఇంటికో ముక్క అల్లుకొని వస్తే, ఆ ముక్కలన్నీ పక్కపక్కన కట్టి, చెరువుకు అడ్డంగా దింపి, రెండు వైపుల నుంచీ గట్టుకు లాగేవాళ్ళు. ముక్క ఉన్న ఇంటికే చేపలో పాలు, అంటే వాటా. ముక్కల వరుసలో ఏ ఇంటి చోటు ఆ ఇంటిది, తాతల నాటి నుంచి వస్తుంది. ఒక ఎండాకాలం ముక్క తేలేకపోతే ఆ చోటు పక్కవాళ్ళకు పోతుంది. పోయింది తిరిగి వచ్చినట్టు నేను ఎన్నడూ వినలేదు.

వలలో ముడికీ ముడికీ నడుమ ఉండే ఖాళీని మేం కన్ను అంటాం. పెద్ద వలకు మూడువేళ్ళ కన్ను అల్లాలి, లోతు నూరు కన్నులు ఉండాలి. అల్లేవాడు ఎడమచేతి మూడు వేళ్ళు కలిపి పట్టుకొని, వాటి చుట్టూ దారం తిప్పి ముడి వేస్తాడు. వేళ్ళే కొలబద్ద. మరి అందరి వేళ్ళూ ఒక్క తీరుగా ఉంటాయా అని మనవరాలు వెంటనే పట్టుకుంది. ఉండవు. అందుకే మాలో ఒక ఆచారం ఉండేది. మగపిల్లవాడు మొదటిసారి పెద్ద వలకు ముక్క అల్లేముందు కులపెద్ద తాను అల్లిన కన్ను ఒకటి వాడి మూడు వేళ్ళకు తొడిగేవాడు. వదులుగా ఉంటే ఆ సందులో వడ్లగింజలు అడ్డంగా దూర్చి, ఎన్ని పడితే అన్ని గింజలు తక్కువ అని చెప్పేవాడు. కన్ను ఎక్కకపోతే ఎన్ని గింజలు ఎక్కువో అంచనా కట్టి చెప్పేవాడు. ఆ రోజు నుంచి వాడు తన గింజ ఎంతో గుర్తుపెట్టుకొని దారం వదులుగానో బిగువుగానో తిప్పేవాడు. ప్రతి మగవాడికీ తన గింజ తెలుసు. మా ఆయన వేళ్ళు కులపెద్ద వేళ్ళకు సరిగ్గా సరిపోయాయట, ఒక్క గింజ కూడా పట్టలేదట. ఆ సంగతి మా అత్త నా పెళ్లిలో కూడా నలుగురికీ చెప్పుకుంది.

ఆడవాళ్ళకు ఎవరూ గింజ పెట్టలేదు. మా పని శేరిగూడ కాపుల దగ్గర జనుము తెచ్చి, నానబెట్టి, నార తీసి, పురి పెట్టడం. అల్లడం మగవాళ్ళది.

అవి రజాకార్ల రోజులు. ఒక పక్క ఊళ్ళలో సంఘాలు, దళాలు, ఇంకో పక్క పోలీసులు. మా ఆయనకు ఆ సంగతులేవీ పట్టేవి కావు. ఆయనకు ఒక పుట్టి ఉండేది. చెరువు అవతలికి దాటించమని ఎవరడిగినా గుండ్రటి ఆ పుట్టిలో కూచోబెట్టుకొని దాటించేవాడు. పేరడగడు, పనేమిటని అడగడు. నేను తిట్టేదాన్ని. నీళ్ళల్లో ఉన్న మనిషిని నువ్వెవరని అడుగుతారా అనేవాడు. చలికాలంలో ఒక పొద్దున పోలీసులు వచ్చి పుట్టి ఎవరిదని అడిగారు. నాది అన్నాడు. కాదు అనడం ఆ మనిషికి తెలిస్తే కదా. ఆ మాట మీదే తీసుకుపోయారు. పట్నం జైల్లో పెట్టారని కొన్నాళ్ళకు తెలిసింది. ఆ తర్వాత ఏ కబురూ లేదు.

ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తా, పాతది చివికిపోయిందని ఆయన కొత్తగా మొదలుపెట్టి సగం అల్లిన వల ముక్కా. మామ నా పెళ్లికి ముందే పోయాడు. మా అత్తకు చూపు బాగా మందగించింది, మనుషులు నీడల్లా తప్ప ఆనేవాళ్ళు కాదు. నేను ఇంట్లో ఎక్కడ తిరుగుతున్నానో బండల మీద నా మెట్టెల చప్పుడును బట్టి తెలుసుకునేది. వాకిట్లోకి పోతే పొయ్యి దగ్గర నుంచే, ఎటు పోతున్నవ్ బిడ్డా అని అడిగేది. కొత్తలో నాకు మండేది. ఏం కాపలా ఇది అనుకునేదాన్ని. తర్వాత అలవాటైంది.

చలి తగ్గి ఎండలు మొదలవుతుండగా కులపెద్ద మా వాకిట్లోకి వచ్చాడు. ముక్క సంగతేమిటని అడగడానికే వచ్చాడు గానీ అడగలేక చెరువులో నీళ్ళ గురించి మాట్లాడుతూ కూచున్నాడు. మా అత్తే అంది.

"మా ముక్క వస్తది. వాడు వచ్చేసరికి వాని చోటు వానికి ఉండాలె."

"ఎవరల్లుతరు వదినా?"

మా అత్త నా వైపు చూపించింది. ఆయన ఒప్పుకోడనుకున్నాను. కాసేపు గడ్డం గీరుకొని, ఎవరల్లితే ఏంది, మూడువేళ్ళ కన్ను, నూరు కన్నుల లోతు, గంతే, అని లేచిపోయాడు. నాకు గింజ పెట్టి పోవాలని ఆయనకు తట్టలేదు. అడగాలని నాకూ తట్టలేదు. ఆడదానికి గింజ పెట్టడమనేది అంతకు ముందు ఎవరూ చూసి ఉండలేదు కదా.

మర్నాటి నుంచి కూచున్నాను. మా ఆయన అల్లుతుంటే ఎదురుగా కూచొని దారం అందించినదాన్ని కాబట్టి ముడి చేతికి తొందరగానే వచ్చింది. ఆయన ఆపిన వరుస దగ్గర నుంచే మొదలుపెట్టాను. ఆయన కన్ను పక్కన నా కన్ను, ఆయన ముడికి నా ముడి. నూరు కన్నులు దింపడం, మళ్ళీ పైకి పోవడం. పక్కింటి ఆడవాళ్ళు తొంగిచూసి నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు గర్వంగానే ఉంది. వెదురు కండెకు దారం చుట్టుకోవడం, ముడి బిగించి పళ్ళతో తుంచడం, అన్నీ ఆయనలాగే చేస్తున్నానని మురిసిపోయాను.

జానెడో మూరెడో కాదు, వాకిలి పొడుగునా అల్లాక, చూద్దామని పై అంచు గడపకు ఆనించి ముక్కను వాకిట్లో బారుగా పరిచాను. ఆయన అల్లిన సగం దడిని తాకింది. నా సగం దడికి జానెడు ముందే ఆగింది. లెక్క తప్పానేమోనని పై నుంచి కింది దాకా కన్నులు లెక్కపెట్టాను. నూరే ఉన్నాయి. ఆయన వైపు లెక్కపెట్టాను. అవీ నూరే.

జానెడే కదా అనుకోవడానికి లేదు. పెద్ద వలకు అడుగున మట్టిగుండ్లు కడతారు. అవి బురదను ఒరుసుకుంటూ రావాలి. ఒక్క ముక్క జానెడు పైకి తేలితే చెరువులో చేపంతా ఆ సందు కిందనుంచే పోతుంది. అందరి కష్టమూ మా ముక్క దగ్గర నీళ్ళపాలవుతుంది. అట్లాంటి ముక్కను కులపెద్ద వరుసలో కట్టనివ్వడు, కట్టనివ్వకూడదు కూడా. ఆ పొద్దంతా నేను ఆ వల పక్కన కూచొని ఏడ్చాను. ఎవరి మీద కోపమో తెలియక, నన్ను నేనే తిట్టుకున్నాను.

ఏడ్చి ఏడ్చి లేచి, మా అత్త చాటలో చెరిగి పెట్టిన వడ్లు గుప్పెడు తెచ్చుకున్నాను. మా ఆయన అల్లిన కన్ను ఒకటి నా మూడు వేళ్ళకు తొడుక్కొని, ఉన్న సందులో ఒక గింజ అడ్డంగా దూర్చాను. సరిగ్గా పట్టింది. రెండోది పట్టలేదు. నా గింజ నాకు అప్పుడు తెలిసింది. ఆయన మూడు వేళ్ళు ఇరవై నాలుగు గింజలైతే నావి ఇరవై మూడు. ఒక్క కన్నులో చూస్తే ఏమీ కనబడదు, కులపెద్ద వేళ్ళు పెట్టి చూసినా కాస్త బిగువుగా ఉందనుకుంటాడు. నూరు కన్నుల్లో నూరు గింజలు. ఎనిమిదేసి గింజలకో వేలు చొప్పున పన్నెండు వేళ్ళ మీద చిల్లర. పన్నెండు వేళ్ళంటే జాన. లెక్క అక్కడికి వచ్చి సరిగ్గా కూచుంది. అది కుదిరినందుకు ఏడుపు మధ్యలో కూడా నాకు ఒక క్షణం సంతోషం కలిగింది.

అల్లిందంతా విప్పాను. ఇప్పుడు ఆ ఒక్క గింజను ఎట్లా కలపాలన్నదే పని. మగవాళ్ళలాగా దారం వదులుగా తిప్పి చూశాను. వాళ్ళకు ఏళ్ళ తరబడి అలవాటు, నాకు ఒక కన్ను పెద్దది ఒక కన్ను చిన్నది అయ్యాయి. వేలికి గుడ్డపీలిక చుట్టాను. తడి దారం తగిలి అది నలిగిపోయి, మధ్యాహ్నానికి ఉండీ లేనట్టయింది. గింజనే వేళ్ళ సందులో పట్టుకొని అల్లుదామని కూడా చూశాను. జారి పడ్డ గింజల్ని కోడి తిని పోయింది.

మర్నాడు పొద్దున్నే గలగల నడుస్తూ నీళ్ళ కోసం పోతుంటే నా కాళ్ళ వైపు చూసుకున్నాను. మెట్టెలు. వెండివి, రెండు చివరలూ కలవని తీరువి, కాస్త విప్పితే వేలికి పడతాయి. ఒకటి తీసి ఎడమచేతి నడిమి వేలికి తొడిగాను. వేలికి రెండు పక్కలా మెట్టె మందం తోడైంది. ఆయన కన్నులో వేళ్ళు పెట్టి చూస్తే సందు లేదు. మొన్న మనవరాలు ఆ మెట్టెను కొలిచి ఒక పక్క మందం మిల్లీమీటరుంపావు అని చెప్పింది. రెండు పక్కలూ కలిపితే రెండున్నర. అంటే గింజ.

మెట్టె తీయడమంటే మాలో ఏమిటో నాకు తెలియదా? మొగుడు పోయినప్పుడే ఆ వేలు బోసిపోతుంది. తెలిసే తీశాను. పనికి తీశాను గదా, దోషం ఏముందనుకున్నాను. అయితే ఒక కాలు మోగి ఒక కాలు మోగకపోతే మా అత్త అడుగుతుంది, చెబితే ఒప్పుకోదు. అందుకని రెండూ తీసేశాను. రెండోది చెంగున ముడేసుకున్నాను. నా తెలివి అట్లా ఏడ్చింది.

ఆ పూట హాయిగా అల్లాను. కన్నులన్నీ ఆయనవాటితో కలిసిపోయాయి. పొద్దు వాలాక జొన్నగటక వండి, ముంతలో మజ్జిగ పోసి, మా అత్త ముందు గిన్నె పెట్టాను. ఆమె ముట్టుకోలేదు. గోడకు చేరగిలబడి కూచుంది. ఆరోగ్యం బాగాలేదా అని అడిగాను. నెమ్మదిగా నన్నే అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

ఏం తెలిసిందని అడిగాను.

"నా కొడుకు సంగతి. నాకు చెప్తలేవు. పొద్దుగాల నుంచి నీ కాళ్ళు మోగుతలేవు."

పొద్దున నుంచి ఆమె నా మోగని అడుగులు వింటూ, తన కొడుకు చనిపోయాడని తనకు తానే చెప్పుకుంటూ కూచుంది. ఒక్క కేక వేయలేదు. నేను చెప్పేదాకా ఆగుదామనుకుందట. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. ఆమె చెయ్యి పట్టుకొని నా వేలి మీద పెట్టాను. మెట్టెను తడిమి చూసింది.

"నా వేలు నీ కొడుకు వేలంత లేదత్తా. ఒక గింజ తక్కువైంది. గా గింజ నింపెతందుకు తీసిన. ఆయన సంగతి నాకేం తెల్వదు, నీ మీద ఒట్టు."

ఆమె నా మూడు వేళ్ళూ కలిపి పట్టుకొని, మెట్టెతో సహా గట్టిగా నొక్కి చూసింది. తర్వాత నా చెంప మీద ఒకటి వేసింది. నొప్పి పుట్టేంత కాదు. ఆ చేత్తోనే గిన్నె దగ్గరికి లాక్కొని తిన్నది. తింటూ, రెండోది కాలికి పెట్టుకొమ్మని, మోగే కాలు ఒకటన్నా ఉండనీ అని చెప్పింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో నా కుడికాలు ఒక్కటే మోగేది. ఆ కుంటి చప్పుడుకు ఆమె అలవాటు పడింది. ఊళ్ళో నోళ్ళు మాత్రం ఊరుకోలేదు. ఒక కాలికి ముత్తైదువ, ఒక కాలికి కాదు అని నూతి దగ్గర నవ్వుకున్నారని విన్నాను. వాళ్ళతో దెబ్బలాడేంత తీరిక నాకు లేదు.

ఎండలు ముదిరేసరికి ముక్క పూర్తయింది. తంగేడు చెక్క కాచిన నీళ్ళలో ముంచి ఆరేసి, పైన నీళ్ళ మీద తేలే బెండ్లు, కింద మట్టిగుండ్లు కట్టి, నెత్తిన పెట్టుకొని గట్టుకు మోసుకుపోయాను. కులపెద్ద నా ముక్క పరిచి, అక్కడొక కన్నులో ఇక్కడొక కన్నులో మూడు వేళ్ళు దూర్చి చూశాడు. మా ఆయన అల్లిన చోటేదో నేను అల్లిన చోటేదో నాకు తప్ప ఎవరికీ తెలియలేదు. తలెత్తి నా చేతి మెట్టె చూశాడు, కాలు చూశాడు. మా ముక్కను ఎప్పటి చోటే, చెరువు నడిమి లోతు పడే చోట, కట్టమని చెప్పాడు.

ఆ రోజు నేను గట్టు మీద నిలబడి చేపను చూడలేదు. మా ముక్క బెండ్లనే చూశాను. అవి పక్క బెండ్లతో వరుస కలిసి వస్తున్నాయా, అడుగున గుండ్లు బురద మీదే ఉన్నాయా అని. వల దగ్గరపడేకొద్దీ నీళ్ళు కుతకుతలాడాయి. మా ముక్కలో బొచ్చె చేపలు బాగానే పడ్డాయి. ఏటా మొదటి బుట్ట తీసుకుపోవడానికి వచ్చే దొర మనిషి, ఊళ్ళ సంగతి చూసి భయపడ్డాడేమో, ఆ ఏడాది రాలేదు. ఆ బుట్ట కూడా అందరం పంచుకున్నాం. మా పాలుకు వచ్చిన చేప ఎండబెట్టి దాచాను, చాలా నెలలు వచ్చింది.

వానాకాలం చివర ఒక రోజు మా నెత్తిమీదుగా విమానం పోయింది. పెద్ద అంబర్‌పేట్ నుంచి వచ్చిన మనిషి, రోడ్డు పొడుగునా మిలిటరీ లారీలు హయత్‌నగర్ వైపు పోతున్నాయని చెప్పాడు. నిజాం లొంగిపోయాడన్నారు. దాన్నే తర్వాత అందరూ పోలీసు యాక్షన్ అన్నారు. ఊళ్ళో కొందరు సంబరపడ్డారు, కొందరు తలుపులు వేసుకున్నారు. మా అత్త అడిగింది ఒక్కటే, జైలు తలుపులు తీశారా అని. తీయలేదు. రాజ్యం మారినా కాగితాలు కదలడానికి టైము పట్టింది. పుట్టి తప్ప ఇంకో నేరం లేని మనిషిని కూడా చలి మొదలయ్యేదాకా వదల్లేదు.

హయత్‌నగర్ దాకా ఎవరిదో లారీ ఎక్కి, అక్కడి నుంచి నడిచి వచ్చాడు. సాయంత్రం నేను వాకిలి ఊడుస్తున్నాను. దడి దగ్గర నిలబడ్డ మనిషిని బిచ్చానికి వచ్చాడనుకొని, ఆగు అని కూడా అన్నాను. ఆయన నవ్వితే గుర్తుపట్టాను. పళ్ళు ఒక్కటే మారలేదు. చీపురు అక్కడే పడేసి ఏం చేశానో నాకు గుర్తులేదు, పక్కింటివాళ్ళు వచ్చేంత గట్టిగా ఏడ్చానని తర్వాత చెప్పారు.

మా అత్త ఆయన్ని దగ్గర కూచోబెట్టుకొని మొహం తడిమింది. భుజాలు తడిమింది. చెయ్యి పట్టుకొని వేళ్ళు ఒక్కొక్కటే తడిమింది. ఆ వేళ్ళ గురించే కదా ఊరంతా చెప్పుకున్నది. చాలాసేపు వదల్లేదు. చివరికి, "గిది ఎవరి చెయ్యి బిడ్డా" అని అడిగింది. నేను గంజి తేవడానికి లోపలికి పోయాను, అక్కడ ఉండలేక.

మర్నాడు పొద్దున లేస్తూనే ఆయన చేసిన పని వల దింపుకొని చూడటం. చూరు కింద కూచొని, తాను ఆపిన వరుస ఎక్కడో వెతికాడు. దొరకలేదు. అక్కడొక కన్నులో ఇక్కడొక కన్నులో వేళ్ళు పెట్టి చూసి, కొంచెం సంకోచంగా అన్నాడు.

"మంచిగనే అల్లినవ్. జర పెద్దగ అల్లినవ్ గంతే."

నేను అంచున ఉన్న కన్ను ఒకటి ఆయన చేతికిచ్చాను. అది ఆయన అల్లిన వైపు అంచు, మొదటి ముడి వేసిన రోజు నేనూ ఎదురుగా ఉన్నాను. ఇది ఎవరిదో చెప్పమన్నాను. వేళ్ళు పెట్టి, ఇదీ వదులే, నీదే అన్నాడు. కాదు, నీదే అన్నాను. ఆయన ఒకసారి నన్ను చూసి, ఒకసారి తన చేతిని చూసుకున్నాడు. నేను వడ్లు తెచ్చాను. మనిషిని కూచోబెట్టి గింజ పెట్టాను, కులపెద్ద పెట్టినట్టు. ఒక గింజ పట్టింది. రెండోది కూడా పట్టింది. సర్కారు ఆయన మూడు వేళ్ళల్లోంచి రెండు గింజలు తీసుకుంది. చిరిగిన చోట్లు అల్లడానికని ఇంకా నా చేతికే ఉంచుకున్న మెట్టె తీసి ఆయన నడిమి వేలికి తొడిగాను. ఒక గింజ కింద చెల్లింది. ఇంకో గింజ సందు అట్లాగే ఉంది. నా వేలికంటే సన్నబడ్డాడు ఆ మనిషి. అప్పుడు ఇద్దరం ఆ వల మీద కూచొని ఏడ్చాం. సిగ్గేముంది, రాస్తున్నాను.

ఆ చలికాలమంతా నా పని ఆయనకు తిండి పెట్టడం, గింజ పెట్టడం. కొర్రమట్ట పులుసు, మేక కాళ్ళ రసం, జొన్నరొట్టెలో నెయ్యి, దొరికింది దొరికినట్టు పెట్టాను. వద్దంటే కసిరాను. దవాఖానకు పోయి వాళ్ళిచ్చిన సీసా మందు కూడా తాగించాను. వీలైనప్పుడల్లా కన్ను తొడిగి చూసేదాన్ని. ఆయనకు విసుగొచ్చి, నన్ను కోడిని పెంచినట్టు పెంచుతున్నవ్ అనేవాడు. మా అత్త లోపల నుంచి, నిండిందా అని అడిగేది. ఇంకా లేదత్తా అనేదాన్ని. ఎండలు రాబోయేసరికి ఒక గింజ నిండింది. రెండోది నిండలేదు. ఎంత చూసినా నిండలేదు. భుజాల ఎముకలకు కండ పట్టింది, బుగ్గలు వచ్చాయి, వేళ్ళు మాత్రం అక్కడే ఆగాయి. ఇప్పుడు ఆయనవీ నావీ సరిసమానం, ఇరవై మూడు గింజలు.

పెద్ద వల మళ్ళీ దగ్గరికి వచ్చింది. ముక్కలో చిరిగిన చోట్లు అల్లాలి. ఎవరు అల్లినా మెట్టె కావాలి. నేను వేలి నుంచి తీసి ఆయనకు ఇవ్వబోయాను. ఆయన తీసుకొని, పక్కన పెట్టి, కత్తి తెమ్మన్నాడు. దూలం సందులో దోపిన వెదురు బద్ద ఒకటి లాగి, తన పాత కన్నులో పెట్టి చూసుకుంటూ, అది బిగువుగా పట్టేదాకా సన్నగా చెక్కాడు. జైలు నుంచి వచ్చాక అంత నెమ్మదిగా, అంత ఇష్టంగా ఆయన ఇంకో పని చేయడం నేను చూడలేదు. చెక్కడం అయ్యాక బద్దను నా చేతిలో పెట్టాడు.

"ఇగ ఎవరి వేలుతోని పని లేదు. ఆ గింజ దీంట్ల ఉన్నది. నిండకుంటె నిండకపాయె, ఫికర్ చెయ్యకు."

తర్వాత నా ఎడమ కాలు లాక్కొని మోకాలి మీద పెట్టుకున్నాడు. మెట్టె వేళ్ళకు తొడిగీ తీసీ బాగా విప్పుకుపోయింది. పళ్ళతో నొక్కి దగ్గరికి చేసి కాలి వేలికి తొడిగాడు, పెళ్లిలో తొడిగినట్టే. అప్పుడు నలుగురిలో సిగ్గుపడి కాలు వెనక్కి లాక్కున్నాను, ఈసారి లాక్కోలేదు. గుండ్రంగా మాత్రం మళ్ళీ రాలేదది. మనవరాలు అడిగిన ఆ విప్పుకోవడం అదే.

పొయ్యి మీద పులుసు గుర్తొచ్చి లేచాను. వాకిట్లోంచి బండల మీదుగా లోపలికి నడిచాను. గడప దాటేసరికి మా అత్త రాట్నం దగ్గర నార పురి పెడుతూ కూచొని ఉంది. ఆమె చెయ్యి ఆగింది. నేను నాలుగడుగులు వేసేదాకా చెవి పెట్టి విన్నది, రెండు కాళ్ళూ మోగుతున్నాయి.

"గిప్పుడొచ్చిండు నా కొడుకు" అని, మళ్ళీ నార అందుకుంది.